పూత ముదిరిన కొమ్మకు మళ్ళీ ఆకు తొడుగుతుందా?

గంజాయి మొక్కల్లో ఏది మేలైనదో తెలిసేది పూత వచ్చాకనే. విత్తనాలు చల్లితే మొలిచినవాటిలో దాదాపు సగం మగవి, వాటిని ఏరిపారేస్తారు. మిగిలిన ఆడ మొక్కలు కూడా ఒకే కాయలోని గింజల్లా ఒకేలా ఉండవు. ఒకదానికి బంక ఎక్కువ, ఒకదానికి వాసన వేరు, ఇంకొకటి బూజుకు తట్టుకుంటుంది. ఈ తేడాలన్నీ స్పష్టంగా బయటపడేది కోతకు పది పదిహేను రోజుల ముందు. అప్పటికి మొక్క ఆయుష్షు కూడా తీరబోతుంది, ఎందుకంటే ఇది ఏటికి ఒకసారి పుట్టి, పూచి, పోయే జాతి.

పూతకు పంపకముందే ప్రతి మొక్క నుంచీ ఒక కొమ్మ తీసి, చీటీ కట్టి, వేరే గదిలో బతికించుకున్నవాడికి ఏ చింతా లేదు. ఆ పని చేయనివాడి సంగతే చిక్కు. కళ్ళ ముందు మేలైన మొక్క ఉంది, రేపో మాపో కోసేయాలి, దాని వంశం నిలబెట్టుకునే దారి ఏది? ముదిరిన పూతతో ఉన్న కొమ్మనే కత్తిరించి నాటితే వేళ్ళు వస్తాయా? వచ్చినా ఆ కొమ్మ పూయడం మాని మళ్ళీ ఆకులు వేస్తుందా? సాగుదారులు ఈ ప్రశ్నకు ధీమాగా రెండు జవాబులు చెబుతారు. బ్రహ్మాండంగా వస్తుందని ఒకరు, దండగ అని మరొకరు. శాస్త్రం చెప్పేది ఈ రెంటిలో దేనికీ పూర్తిగా సరిపోదు.

ముందుగా ఈ ప్రశ్న ఏ నేల మీద నిలబడి ఉందో చూడాలి. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. అక్కడ చాలా ప్రావిన్సుల్లో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. లైసెన్సుతో వేల మొక్కలు పెంచే కంపెనీలున్నాయి, ఆ కంపెనీల పక్కన పరిశోధించే విశ్వవిద్యాలయాలున్నాయి. మనకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఉంది. అనుమతి లేకుండా ఈ మొక్కను పెంచితే పదేళ్ళ వరకు కఠిన శిక్ష పడవచ్చు. ఆ చట్టం గంజాయిని నిర్వచించిన తీరు మన ప్రశ్నకు దగ్గరగానే ఉంది. పూత లేదా కాయ పట్టిన కొనలే గంజాయి. ఆ కొనలు లేకుండా ఉత్త ఆకులు, గింజలు అయితే ఆ నిర్వచనంలోకి రావు. అయినా మొక్కను పెంచడం ఎలాగూ నేరమే. 2018లో ఉత్తరాఖండ్ నారకోసం, గింజకోసం మత్తు తక్కువ రకాలకు అనుమతి మొదలుపెట్టింది. అది విత్తనపు పంట, కొమ్మలతో దానికి పనిలేదు. మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో దొంగచాటుగా సాగైనదీ, 2021 చివర ‘పరివర్తన’ పేరిట పోలీసులు నరికించినదీ విత్తనం నాటిన పంటే. అందుకే ఈ వ్యాసం నడిచేది ఎక్కువగా కెనడా, అమెరికా, ఇజ్రాయెల్ గదుల్లో.

ఒకప్పుడు బెంగాల్‌లోని నౌగావ్‌లో ప్రభుత్వ లైసెన్సుతో గంజాయి పండేది. ఆ పంట మీద 1893లో డేవిడ్ ప్రెయిన్ నివేదిక రాశాడు. మరుసటి ఏడు పూర్తయిన గంజాయి విచారణ సంఘపు సంపుటాల్లోనూ దాని ముచ్చట్లున్నాయి. అక్కడ పొద్దార్లనే నిపుణులు చేలలో నడుస్తూ మగ మొక్కల్ని పసిగట్టి పీకేసేవారు. మేలు మొక్కను కొమ్మతో నిలబెట్టుకోవాలన్న తలంపు ఆ సాగులో లేదు. ఏటేటా విత్తనం, ఏటేటా ఏరివేత. ఒకే మొక్కను వేల ప్రతులుగా పెంచడం గదుల్లో దీపాల కింద సాగు మొదలయ్యాక వచ్చిన అలవాటు. కోతకు ముందు కొమ్మ కోసం తంటాలు పడటం కూడా ఆ అలవాటుతో వచ్చిందే.

ఇక అసలు సంగతి. ఈ చర్చ తెగకపోవడానికి ముఖ్య కారణం రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడం. కొమ్మకు వేళ్ళు పుట్టడం ఒక పని. పూతలో ఉన్న చిగురు తిరిగి ఆకుల బాట పట్టడం మరో పని. వీటి కారణాలు వేరు, పట్టే కాలం వేరు, చెడిపోయే తీరు కూడా వేరు. వేళ్ళు వచ్చి చిగురు వేయని కొమ్మలుంటాయి. ఆకులు పచ్చగా నిలిచి వేళ్ళు పుట్టక వారాల తరబడి నిలబడి చచ్చేవీ ఉంటాయి. నావరకు రెండో పనే ఎక్కువ ఆసక్తికరం, దాని గురించే ముందు చెబుతాను.

రాత్రి నిడివి మొక్కను పూయిస్తుందన్న జ్ఞానమే ఈ మొక్క దగ్గర మొదలైంది. పారిస్‌లో జూలియన్ టూర్న్వా అనే యువ శాస్త్రవేత్త జపాను హాప్స్‌నీ, నార గంజాయినీ చలికాలపు చిన్న పగళ్ళలో పెంచితే అవి బొటనవేలంత ఉండగానే పూయడం గమనించాడు. 1912లో ఆ సంగతి ప్రచురించాడు. తర్వాత కారణం పగటి కురచదనమే కాదు, రాత్రి పొడుగు కూడా అన్నంత దగ్గరకు వచ్చాడు. 1914లో యుద్ధం ఆయన్ని మింగేసింది. ఆ తర్వాత 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్‌లు పొగాకు, సోయా మీద చేసిన పనితో ఆ సూత్రానికి పేరు స్థిరపడింది, కీర్తి వాళ్ళకే దక్కింది.

మన ప్రశ్నకు సూటిగా తగిలేది ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు జాన్ షాఫ్నర్ పని. ఆయనకు నార గంజాయిలో ఆడ మగ మార్పుల మీద ఆసక్తి. 1926లో ‘ఎకాలజీ’ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, వెలుతురు నిడివి మార్చి పూతకొచ్చిన మొక్కల్ని పదేపదే తిరిగి యౌవనంలోకి తెచ్చినట్టు చూపించాడు. ఎదురెదురుగా ఆకులు వేసే దశ, ఒకదాని తర్వాత ఒకటిగా వేసే దశ అని రెండుంటాయి కదా, మొక్క ఆ దశల మధ్య ముందుకూ వెనక్కూ నడవడాన్ని ఆయన నమోదు చేశాడు. వందేళ్ళనాటి ఈ పనిని నేటి సాగుదారులు తలచుకోరు. తాము కొత్తగా కనిపెట్టినట్టే చెప్పుకుంటారు. షాఫ్నర్ చేసింది బతికున్న మొక్క మీద, కత్తిరించిన కొమ్మ మీద కాదు. కానీ తిరుగుదారి ఉందా అన్న మూల ప్రశ్నకు జవాబు అప్పుడే వచ్చేసింది.

ఎలా తిరుగుతుందన్నది తెలియడానికి చాలా కాలం పట్టింది. 1930లలో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ ఆకుల్లో పుట్టి చిగురుకు పారే పూత సంకేతం ఒకటుందని ప్రతిపాదించాడు. ఆయన వాడిన మొక్కల్లో చామంతి ఒకటి. ఆ సంకేతం ఒక చిన్న ప్రొటీను అని గట్టిగా రుజువైంది 2007లో. అంటే మొక్క పూయాలా వద్దా అన్న తీర్పు చిగుళ్ళది కాదు, ఆకులది. ఇక్కడ ఒక అనుమానం రావాలి. పొడుగు రాత్రుల్లో పెరిగిన ఆకులే కొమ్మతో పాటు వస్తే, దీపాల నిడివి పెంచినా అవి పాత సందేశాన్నే పంపుతూ ఉండవా? పెరిల్లా అనే మొక్కలో అచ్చం అలాగే జరుగుతుంది. ఒకసారి పూతకు సిద్ధమైన ఆకును వేరే మొక్కకు అంటుకట్టినా అది పూయిస్తూనే ఉంటుంది. మన పెరళ్ళలోని కాశీతుమ్మ దానికి పూర్తి విరుద్ధం. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో కృష్ణమూర్తి, కె.కె. నందా 1968లో రాసిన వ్యాసం ప్రకారం, అనుకూలం కాని పగటి నిడివికి మార్చగానే ఏర్పడుతున్న పూమొగ్గలు సైతం వెనక్కి మళ్ళి ఆకుల చిగుళ్ళవుతాయి. కొమ్మలకు వేళ్ళు పుట్టే తీరు మీదా నందా బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది. మన రెండు ప్రశ్నలూ ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన నడిచిన సందర్భం అది.

గంజాయి ఈ రెంటిలో కాశీతుమ్మ వైపు మొగ్గుతుంది. దానికి కారణం ఇజ్రాయెల్‌లోని వోల్కానీ కేంద్రంలో స్పిట్జర్-రిమోన్ బృందం 2019లో ప్రచురించిన నిర్మాణ పరిశీలనలో దొరుకుతుంది. మనం గంజాయి మొగ్గ అని పిలిచేది నిజానికి ఒక పువ్వు కాదు. కణుపుల మధ్య దూరం దగ్గరపడి, కొమ్మ మీద కొమ్మ వేసి, కిక్కిరిసిపోయిన కొమ్మల గుత్తి అది. అందులోని ప్రతి చిన్న కణుపు దగ్గరా పువ్వుతో పాటు ఒక పక్క చిగురు కూడా ఉంటుంది. ఇంకో సంగతి కూడా వాళ్ళు చూపించారు. పగలు పొడుగ్గా ఉన్నప్పుడు కూడా ఈ మొక్క కణుపుల దగ్గర ఒంటరి పువ్వులు వేస్తుంది. పొడుగు రాత్రి చేసేది పువ్వును పుట్టించడం కంటే ఆ గుత్తిని అల్లడం.

దీన్నిబట్టి చూస్తే ‘పూత ముదిరిన కొమ్మ’ అన్న మాట కాస్త మోసం చేస్తుంది. ముదిరినవి పువ్వులు. వాటి పక్కన నిద్రపోతున్న చిగుళ్ళు ఇంకా ముదరలేదు. వెనక్కి తిరిగేది పువ్వు కాదు, ఆ పక్క చిగురు. అందువల్ల కొమ్మ బతుకుతుందా అన్నది పూతకు ఎన్నో వారమన్న లెక్క కంటే, ఎన్ని చిగుళ్ళు ప్రాణంతో ఉన్నాయి, వాటిని మేపడానికి ఎంత పచ్చటి ఆకు మిగిలి ఉంది అన్న దాని మీద ఆధారపడుతుంది. మూడు వారాల పూతకూ ఎనిమిది వారాల పూతకూ మధ్య తేడా ప్రధానంగా ఈ నిల్వలోనే ఉంది, ఏదో తలుపు మూసుకుపోయిందన్నట్టు కాదు.

తిరిగే చిగురు వేసే తొలి ఆకులు చూస్తే కొత్తవాళ్ళు భయపడతారు. అయిదు వేళ్ళు, ఏడు వేళ్ళు ఉండాల్సిన ఆకు ఒంటి రేకుతో, గుండ్రంగా, అంచు పళ్ళు మాసిపోయి, మెలికలు తిరిగి వస్తుంది. ఇది తెగులు కాదు. పూతకు దగ్గరపడే కొద్దీ గంజాయి ఆకుల వేళ్ళ సంఖ్య తగ్గుతూ ఒంటి రేకు దాకా దిగుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు అదే మెట్లు ఎక్కుతుంది. ఒకటి, మూడు, అయిదు వేళ్ళ ఆకు కనిపించేసరికి కొన్ని వారాలు గడుస్తాయి. ఈలోగా ఒకే చోట నుంచి గుబురుగా చిగుళ్ళు లేస్తాయి, ఎందుకంటే గుత్తిలోని పక్క చిగుళ్ళన్నీ ఒకేసారి మేల్కొంటాయి.

ఈ గుబురును చూసే ‘మాన్‌స్టర్ క్రాపింగ్’ అనే పేరుతో ఒక పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. పూతకు వెళ్ళిన రెండు మూడు వారాలకే కావాలని కొమ్మలు తీసి, వెనక్కి తిప్పి పెంచితే మామూలు కొమ్మల కంటే బలమైన, ఎక్కువ కొమ్మల, ఎక్కువ దిగుబడి ఇచ్చే మొక్క వస్తుందని దాని వాదన. గుబురు నిజం. బలం మాత్రం ఎవరి లెక్కలోదో చూడాలి. మొక్క ఎక్కువ కొమ్మలు వేయాలంటే తల తుంచితే చాలు, అది అరనిమిషం పని. వెనక్కి తిరగడానికి పట్టే నెలన్నరలో మామూలు కొమ్మ మొక్క రెండుసార్లు తల తుంచించుకుని అంత గుబురూ తెచ్చుకుంటుంది. వాదించేవాళ్ళు చూపే ఫోటోల్లో ఈ కాలపు ఖర్చు కనిపించదు. కొమ్మకు కొమ్మను కాక గదిలో గడిచిన రోజుకు రోజును పోల్చి చూపితే తప్ప ఈ పద్ధతిని మేలైనదని నేను ఒప్పుకోను.

ఇక వేళ్ళ సంగతి. చిగురు వెనక్కి తిరగడంలో ఉన్నంత విశేషం ఇక్కడ లేదు గానీ, కొమ్మలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. పూతలో ఉన్న కొమ్మ వేళ్ళు వేయడానికి మొండికేస్తుందన్నది తోటపనివాళ్ళ పాత అనుభవం. బ్లూబెర్రీ, రోడోడెండ్రాన్ వంటి కర్ర మొక్కల మీద గత శతాబ్దపు మధ్యలో జరిగిన పని కూడా దాన్నే బలపరిచింది. పూమొగ్గలున్న కొమ్మల కంటే ఆకు మొగ్గలే ఉన్నవి బాగా వేళ్ళు వేశాయి. పూమొగ్గలు తుంచేస్తే ఫలితం మెరుగుపడింది. కారణాలు కొంత ఆహార పంపకానివి, కొంత హార్మోనులవి. పువ్వు చక్కెరను లాక్కుంటుంది. చిగురు నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను తగ్గుతుంది. కాండం గట్టిపడుతుంది. కానీ పాఠ్య పుస్తకాలు ఒక మెలిక కూడా చెబుతాయి. సులువుగా వేళ్ళు వేసే జాతుల్లో పూత వల్ల పెద్ద తేడా రాదు, మొండి జాతుల్లోనే అది అడ్డంకి. గంజాయి సులువు జాతుల్లోకే వస్తుంది. కాబట్టి పూతలోనైనా వేళ్ళు రావడంలో అబ్బురమేమీ లేదు.

ఎంత సులువో చెప్పడానికి కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో కాప్లాన్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగం ఉంది. అది పూతలో లేని తల్లిమొక్కల కొమ్మల మీద జరిగింది. మొక్క పై భాగం నుంచి తీసినా కింది నుంచి తీసినా వేళ్ళు వేయడంలో తేడా రాలేదు. వేళ్ళు రప్పించే హార్మోనైన ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం 0.2 శాతం ఉన్న జెల్ రాసిన కొమ్మలు, సహజమైనదని చాలామంది వాడే విల్లో చెట్టు సారం రాసినవాటి కంటే 2.1 రెట్లు ఎక్కువగా వేళ్ళు వేశాయి. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆకుల లెక్క. రెండు ఆకులున్న కొమ్మ కంటే మూడు ఆకులున్న దాని వేళ్ళు మెరుగు. నీరు ఆవిరి కాకుండా ఆకుల కొసలు కత్తిరించే అలవాటు ప్రపంచమంతా ఉంది కదా, అలా కత్తిరిస్తే వేళ్ళు వేసిన కొమ్మలు 71 శాతం నుంచి 53 శాతానికి పడిపోయాయి. అంటే వేరుకు కావలసిన ముడిసరుకు ఆకే. కోతకు వచ్చిన మొక్కలో ఆకులు పండి రాలుతుంటాయి. బంక రుచికోసం ఎరువు ఆపేసే అలవాటున్న చోట నత్రజని ఖాళీ అయి ఉంటుంది. పూత ముదిరిన కొమ్మ వేళ్ళకు ఆలస్యం చేయడంలో పువ్వు తప్పు ఎంతో, ఈ పచ్చదనం లేమి తప్పూ అంతే.

కొమ్మ ఎక్కడిదైనా ఒకటే అన్న గ్వెల్ఫ్ ఫలితాన్ని పూత దశకు నేరుగా వర్తింపజేయకూడదు. పూతలో పై కొన అంటే పూర్తిగా గుత్తి. కింద నీడలో ఉన్న పీలిక కొమ్మ అంటే ఇంకా కొన్ని ఆకులు, పలచటి పూత, కనబడే కణుపులు. సాగుదారులు కింది కొమ్మలే ఎంచుకుంటారు, ఇందులో వాళ్ళదే సరైన దారి. అందమైన పై మొగ్గను చూసి ఆశపడి కోసి నాటిన కొమ్మ తడి మూత కింద బూడిద బూజుకు ఆహారమవుతుంది. బొట్రైటిస్ అనే ఆ బూజుకు కిక్కిరిసిన, బంకతో తడిసిన గుత్తి కంటే మంచి ఇల్లు లేదు. వేళ్ళకోసం గాలిలో తేమ నింపాలి, తేమ నింపితే పూత కుళ్ళుతుంది. ఈ ఇరకాటం నుంచి బయటపడాలంటే పూతను చాలావరకు తుంచేయక తప్పదు. తుంచేటప్పుడు దాని చంకలోని చిగురు పోకుండా చూసుకోవాలి.

ఈ సమస్యకు ప్రయోగశాల వెతికిన జవాబు గాజు సీసాలది. గ్వెల్ఫ్‌లోనే 2019లో పియున్నో బృందం లేత పూత నుంచీ, ముదిరిన పూత నుంచీ కూడా సీసాలో చిగుళ్ళు రప్పించింది. 2021లో మొంతొనీ బృందం పువ్వుల్ని వెనక్కి మళ్ళించి మొక్కలు చేయడం కణుపు ముక్కల పద్ధతికి ప్రత్యామ్నాయంగా నిలబడగలదని ప్రకటించింది. గంజాయిలో ఆకు ముక్క నుంచి కొత్త మొక్కను పుట్టించడం చాలా కష్టమని అదే బృందం అదే ఏడు వేరే వ్యాసంలో తేల్చింది. అలాంటి మొండి జాతిలో పూత మాత్రం లొంగడానికి కారణం మళ్ళీ అదే, గుత్తి నిండా సిద్ధంగా ఉన్న చిగుళ్ళు. ఇది పెరటి పని కాదు. కానీ నేను పైన చెప్పిన వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

చామంతి రైతును అడిగితే ఇదంతా ఎందుకంటాడేమో. చామంతి కూడా పొడుగు రాత్రుల్లోనే పూసేది. మన రైతులు పూసిన కొమ్మను నాటరు. పూల కోత అయ్యాక మొక్కను నేలకు దగ్గరగా కోసి, మొదలు నుంచి లేచే పిలకల్ని, వాటి చిగురు కొనల్ని తీసి నాటుతారు. గంజాయి పెంచేవాళ్ళలో అనుభవజ్ఞులు చేసేదీ కొంత ఇలాంటిదే. కోసేటప్పుడు కింది కొమ్మలు రెండు మూడు పచ్చటి ఆకులతో వదిలి, మోడును అదే కుండీలో ఉంచి, దీపాలు 18 గంటలకు పెంచుతారు. వేళ్ళు ముందే ఉన్నాయి కాబట్టి ఒక ప్రశ్న తీరిపోయినట్టే, తిరగడం ఒక్కటే మిగులుతుంది. చిగుళ్ళు లేచి మామూలు ఆకులు వేశాక అప్పుడు కొమ్మలు తీస్తారు. మేలైన మొక్క ఒక్కటే ఉంటే, దాన్ని ఎలాగైనా దక్కించుకోవాలంటే, కత్తిరించిన కొమ్మ కంటే నేను ఈ మోడునే నమ్ముతాను. చోటు లేనివాళ్ళకు, రోగం సోకిన వేళ్ళున్న మొక్కకు మాత్రం కొమ్మే గతి.

రోగం మాట వచ్చింది కాబట్టి, ఈ చర్చల్లో తక్కువగా వినిపించే రెండు సంగతులు. హాప్ లేటెంట్ వైరాయిడ్ అనే అతి చిన్న రోగకారకం కాలిఫోర్నియా గంజాయిలో ఉన్నట్టు 2019లో బయటపడింది. అది కత్తుల మీద, చేతుల మీద ఒక మొక్క నుంచి మరొక దానికి పాకుతుంది. చాలా మొక్కలు ఆకుల దశలో ఏ లక్షణమూ చూపవు, పూతలో బంక తగ్గినప్పుడు తెలుస్తుంది. కాబట్టి పూత చూశాక ఎంచుకోవడంలో కొంత రక్షణ ఉంది. కోత దాకా వచ్చిన మొక్క ఎన్నో కత్తెరల్ని చూసి ఉంటుందన్నదీ అంతే నిజం. బ్రిటిష్ కొలంబియాలో జమీర్ పూంజా బృందం ఫ్యుసేరియం అనే శిలీంధ్రం తల్లిమొక్కల నుంచి కొమ్మల ద్వారా వేళ్ళ గదులకు చేరడాన్ని చూపించింది. రెండోది జన్యువుల సంగతి. 2022లో ఆడమెక్ తదితరులు ఒకే తల్లిమొక్క కింద, నడుమ, పైన నుంచి నమూనాలు తీసి జన్యుక్రమం చదివితే, పైకి పోయే కొద్దీ మార్పులు ఎక్కువగా పోగుపడ్డాయి. ఒకే మొక్కలోని కొమ్మలన్నీ అచ్చంగా ఒకటి కావు. కింది కొమ్మ తీయడానికి ఇది మరో చిన్న కారణం. దిగుబడి మీద దీని ప్రభావం గురించి గొప్పగా చెప్పుకోవడానికి లేదు.

పగటి నిడివితో పని లేకుండా వయసు రాగానే పూసే రకాలు కూడా ఉన్నాయి. 1924లో రష్యాలో యానిషెవ్‌స్కీ రుడెరాలిస్ అని పేరుపెట్టిన అడవి జాతి లక్షణం కలిసినవి అవి. వాటికి ఈ చర్చ వర్తించదు. కొమ్మకు వేళ్ళు వచ్చినా దాని వయసు తల్లి వయసే, దీపం ఎంతసేపు వెలిగించినా పూత ఆగదు.

లైసెన్సు ఉన్న పెద్ద సంస్థలు ఈ తంటాలన్నీ ముందే తప్పించుకున్నాయి. బ్రిటన్‌లో సాటివెక్స్ అనే మందు కోసం గంజాయి పెంచిన జీడబ్ల్యూ ఫార్మా ఎన్నుకున్న రకాల తల్లిమొక్కల్ని పొడుగు పగళ్ళలో నిరంతరం ఉంచి కొమ్మలు తీసేది. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో కూడా విత్తనపు మొక్కల్ని పూతలో పరీక్షించి, మేలైనవాటిని కొమ్మల ద్వారా నిలుపుకునే పద్ధతి నడిచింది. చీటీ కట్టిన కొమ్మ ముందే ఉన్న చోట కోతనాటి ఆత్రం ఉండదు. అందుకే కొమ్మలపై ప్రచురితమైన ప్రయోగాల్లో ఎక్కువ భాగం పూత లేని తల్లిమొక్కలవే. పూత ముదిరిన కొమ్మ గురించిన పట్టికలు మాత్రం ఇంటి సాగుదారుల నోట్లలోనే ఉండిపోయాయి.

ఆ లోటు పూడ్చడం కష్టమేమీ కాదు. ఒకే తల్లి నుంచి వచ్చిన మొక్కలు కొన్ని తీసుకుని, పూతకు పంపిన రోజున, మూడో వారంలో, ఆరో వారంలో, కోత రోజున కింది కొమ్మలు తీయాలి. ప్రతి విడతలో సగం కొమ్మలకు పూత తుంచి, సగానికి ఉంచాలి. పక్కన కోసిన మోడుల్ని కుండీల్లోనే వదలాలి. అన్నిటికీ ఒకే దీపం, ఒకే తేమ. వేళ్ళు వచ్చిన రోజునూ, మూడు వేళ్ళ ఆకు విప్పిన రోజునూ రెండు వేర్వేరు గళ్ళలో రాయాలి. చివరగా వీటినీ, తల తుంచిన మామూలు కొమ్మ మొక్కల్నీ ఒకే రోజున పూతకు పంపి, గదిలో గడిపిన మొత్తం రోజులకు ఎండు పూత బరువెంతో లెక్కగట్టాలి. గ్వెల్ఫ్‌లాంటి చోట ఇది ఒక విద్యార్థి పట్టా పనికి సరిపోతుంది.